పేర్ల పంచాయితీ: ఈసారి న్యూఫౌండ్‌లాండ్

కెనడా ఊర్ల పేర్ల మీద వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క పేరు చుట్టూనే తిరిగాయి: కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ దీవి. చదువులకని అటు వెళ్లే పిల్లలు పెరిగాక ఈ పేరు ఇళ్లలో బాగానే వినబడుతోంది. అందుకే మిగతా ఊర్లను పక్కనపెట్టి ఈ సంచికను దీనికే ఇచ్చేశాం.

ప్రశ్న: అక్కడి యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఆన్‌లైన్ పరిచయ సమావేశంలో నేను ‘న్యూ ఫౌండ్ లాండ్’ అన్నాను. అక్కడి సీనియర్ నవ్వి, “అలా అంటే కొత్తవాళ్లని వెంటనే తెలిసిపోతుంది” అన్నాడు. మరి ఎలా అనాలి? (ఎంఎస్ విద్యార్థిని)

జవాబు: అక్కడివాళ్ల నోట ఈ పేరు దాదాపు ‘న్యూఫన్‌ల్యాండ్’ అని వినిపిస్తుంది. ఊనిక చివరి ‘ల్యాండ్’ మీద పడుతుంది. ‘న్యూ’కు బదులు ‘నూ’ అన్నా తప్పులేదు, రెండూ వినబడతాయి. బయటివారిని పట్టించేది మధ్యలోని ‘ఫౌం’.

పలకడం నేర్పడానికి అక్కడివాళ్లే ఒక చిట్కా చెబుతారు: ఈ పేరు ‘అండర్‌స్ట్యాండ్’కు ప్రాస. ముందు ‘అండర్‌స్ట్యాండ్’ అని మామూలుగా రెండుసార్లు అనండి. ‘అండర్’ తేలిగ్గా జారిపోయి, గొంతు ‘స్ట్యాండ్’ దగ్గర లేస్తుంది. అదే నడకలో ‘న్యూఫన్’ను జార్చేసి ‘ల్యాండ్’ను లేపండి. రెండు మాటల్నీ వెంటవెంటనే పలికి చూసుకుంటే తేడా ఎక్కడుందో మీ చెవికే తెలుస్తుంది.

తెలుగువాళ్లకు ఇక్కడ మామూలుగా నాలుగు చోట్ల తడబాటు వస్తుంది.

మొదటిది ‘ఫౌం’. అక్షరాల్లో కనబడుతోంది కదా అని దాన్ని నిండుగా పలుకుతాం. మన చెవికది గురువు, బరువంతా అక్కడికే పోతుంది. నిజానికి ఈ పేరులో అన్నిటికన్నా పలచబడిన ముక్క అదే. తెలుగు హ్రస్వ ‘అ’ ఎంత చిన్నదో అంత చిన్నగా ‘ఫన్’ అంటే చాలు.

రెండోది, మూడు మాటలుగా విడగొట్టడం. న్యూ, ఫౌండ్, లాండ్ అని ఆగి ఆగి పలికితే పేరు అర్థంలా వినబడుతుంది గానీ పేరులా వినబడదు. ఒకే ఊపిరిలో రావాలి.

మూడోది ‘లాండ్’. ‘లాం’లోని ఆకారం కాదు, ‘బ్యాంకు’లో పలికే ‘యా’ కావాలి.

నాలుగోది డకారం. ఇంగ్లీషు నోటికి న, డ, ల మూడూ ఒకదాని మీద ఒకటి పడితే మధ్యలో ‘డ’ మాయమవుతుంది. మనకేమో ‘ండ్ల’ పలకడం ఏమాత్రం కష్టం కాదు, పండ్లు, బండ్లు, ఇండ్లు అంటూ పెరిగినవాళ్లం. అందుకే దాన్ని వదలబుద్ధి కాదు. కానీ అవే మాటలు పళ్లు, బళ్లు, ఇళ్లు కావడంలో మన భాషలోనూ ‘డ’ జారిపోయిందిగా! అక్కడా అలాంటి పనే జరిగిందనుకోండి. ‘డ’ కాస్త వినబడినా ఎవరూ తప్పు పట్టరు గానీ, దాన్ని నొక్కి పలికితే మాత్రం నడక చెడుతుంది.

కొన్ని బ్రిటిష్ నిఘంటువులు మొదటి అక్షరం మీద ఊనిక పెట్టి ‘న్యూఫన్లండ్’ లాంటి ఉచ్చారణ ఇస్తాయి. అదీ ఇంగ్లీషులో ఉన్నదే, తప్పు అనలేం. అయితే అక్కడి రాజధాని సెయింట్ జాన్స్‌లో ఇల్లు అద్దెకు అడగబోయే మీకు నిఘంటువుకన్నా ఇంటి యజమాని చెవి ముఖ్యం.

ప్రశ్న: అలాంటప్పుడు తెలుగులో కూడా ‘న్యూఫన్‌ల్యాండ్’ అనే రాయొచ్చు కదా? ‘న్యూఫౌండ్‌లాండ్’ అని తప్పు రాయడం దేనికి? (తెలుగు ఉపాధ్యాయుడు)

జవాబు: తప్పు అనడం కష్టం. తెలుగు భూగోళం పుస్తకాల్లో, అట్లాసుల్లో, పత్రికల్లో కుదురుకున్న రూపం ‘న్యూఫౌండ్‌లాండ్’. లిపిలో ఉన్నదాన్ని చూసి రాసుకున్న పేరు అది, చెవితో విని రాసుకున్నది కాదు. ప్యారిస్‌ను ‘పారీ’ అని రాయడం లేదు కదా. రాతలో స్థిరపడిన రూపమే ఉంచి, ఉచ్చారణ అవసరమైన చోట ఒక్కసారి విడిగా చెప్పడం మేలని మా అభిప్రాయం. ఒకే వ్యాసంలో ఒకచోట ‘ఫౌండ్’, ఇంకోచోట ‘ఫన్’ అని రాసేకన్నా ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా నిలబడడం మంచిది.

టైపు చేసేవాళ్లకు ఒక చిన్న సంగతి. ‘ఫౌండ్’ తర్వాత నేరుగా ‘లా’ కొడితే డకారానికి లావత్తు అతుక్కుని ‘న్యూఫౌండ్లాండ్’ అవుతుంది. పొల్లు విడిగా నిలవాలంటే రెంటికీ మధ్య కంటికి కనబడని ఒక విభజక సంకేతం పడాలి. కీబోర్డుల్లో దాని పేరు ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’. కంటికి కనబడకపోయినా కంప్యూటరుకు అదీ ఒక అక్షరమే కాబట్టి, రెండు రూపాలకూ వెతుకులాటలో వేర్వేరు ఫలితాలు రావచ్చు. ఒక రూపంతో దొరక్కపోతే రెండోది కొట్టి చూడండి.

ప్రశ్న: ‘ఫౌండ్’ అంటే స్థాపించడం కదా. ‘కొత్తగా స్థాపించిన దేశం’ అని మా పిల్లలకు చెప్పాను. సరేనా? (ఒక తల్లి)

జవాబు: కాదండీ. ఇంగ్లీషులో ‘ఫౌండ్’లు రెండున్నాయి. స్థాపించడం అనే అర్థమున్నదానికి భూతకాలం ‘ఫౌండెడ్’ అవుతుంది. ఇది ఆ మాట కాదు, ‘ఫైండ్’కు భూతకాలం. కనుక ‘కొత్తగా కనుగొన్న నేల’ అని చెప్పండి.

మొదట్లో ఇది పేరే కాదు, వట్టి వర్ణన. వెనిస్ పౌరుడైన నావికుడు జువాన్ కాబోతో (ఇంగ్లీషువాళ్ల నోట జాన్ కాబట్) ‘మాథ్యూ’ అనే ఓడలో బ్రిస్టల్ నుంచి బయల్దేరి 1497 జూన్ 24న అట్లాంటిక్ అవతలి తీరం చేరాడు. ఎక్కడ దిగాడన్నది ఇప్పటికీ వాదనే. బోనవిస్టా అని ఆ దీవివాళ్లు గట్టిగా నమ్ముతారు. ఆ ఏడాది ఆగస్టులో ఇంగ్లండు రాజు ఏడో హెన్రీ ఖర్చుల పద్దులో ‘కొత్త దీవిని కనుగొన్నవాడికి’ 10 పౌన్లు ఇచ్చినట్టు రాసుంది. అప్పటికింకా అది ‘కొత్త దీవి’ మాత్రమే. 1502 నాటి పద్దుకు వచ్చేసరికి బ్రిస్టల్ వర్తకులు వెళ్లొచ్చిన చోటును ‘న్యూ ఫౌండ్ లాండ్’ అన్నారు. ఏ కొత్త నేలకైనా వాడదగిన ఆ మాటలు క్రమంగా ఒక్క దీవికి అంటుకుపోయి, మధ్యలో ఖాళీలు పోయి ఒక్క పేరైపోయాయి. 1583లో హంఫ్రీ గిల్బర్ట్ సెయింట్ జాన్స్ రేవులో నిలబడి ఈ దీవి ఎలిజబెత్ రాణిదని ప్రకటించాడు.

ఫ్రెంచివాళ్లు దీన్ని అనువదించుకుని ‘తెర్ నెవ్’ అన్నారు, అంటే కొత్త నేల. పోర్చుగీసువాళ్లది ‘తెర్రా నోవా’, అర్థం అదే. ఆ రోజుల కొన్ని పటాల్లో ఈ ప్రాంతానికి ‘బకలావు’ అనే పేరు కూడా కనిపిస్తుంది. అది కాడ్ చేప పేరు. నిజం చెప్పాలంటే వచ్చినవాళ్లందరినీ రప్పించింది ఆ చేపే కాబట్టి ఈ పేరే ఎక్కువ నిజాయతీగా ఉంది.

‘కొత్తగా’ అన్నది ఎవరికి అని పిల్లలు అడిగితే అదీ చెప్పండి. ఆ దీవి ఉత్తరపు కొసన లాన్స్ ఓ మెడోస్ దగ్గర నార్స్‌వాళ్ల (వైకింగ్ కాలపు ఉత్తర ఐరోపావాళ్ల) ఇళ్ల పునాదులు బయటపడ్డాయి. అక్కడ వాళ్లు నరికిన కర్రను పరీక్షించి 1021వ సంవత్సరానిదని 2021లో తేల్చారు. అంతకు ముందూ తర్వాతా అక్కడ మూలవాసులు ఉన్నారు. దీవివాసులైన బియోథుక్ జనంలో చివరిదిగా చెప్పే షానాడితిట్ 1829లో సెయింట్ జాన్స్‌లో మరణించింది. మిగ్‌మా జనం ఈ దీవిని ‘క్తఖమ్‌కుక్’ అంటారు. ‘నీళ్లకు అవతలి నేల’ అని అర్థం. వాళ్లు దీన్ని చూసింది ఏ వైపు నుంచో ఆ పేరే చెబుతోంది.

ప్రశ్న: ఫారాల్లో ‘న్యూఫౌండ్‌లాండ్’ అని రాస్తే చాలా, ‘న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్’ అని పూర్తిగా రాయాలా? (వీసా దరఖాస్తుదారు)

జవాబు: దీవి పేరు న్యూఫౌండ్‌లాండ్. ప్రావిన్స్ పేరు న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్. ప్రావిన్స్ అడిగిన గడిలో రెండూ ఉండాలి.

ఈ దీవీ, సన్నని జలసంధికి అవతల ప్రధాన భూభాగం మీదున్న లాబ్రడార్ కలిసి ఒక ప్రావిన్స్. 1949 మార్చి 31న కెనడాలో కలిసేటప్పుడు దాని పేరు ఉత్త ‘న్యూఫౌండ్‌లాండ్’. 2001 డిసెంబరు 6న రాజ్యాంగ సవరణతో లాబ్రడార్‌ను పేరులో చేర్చారు. విస్తీర్ణంలో లాబ్రడార్, దీవికి రెండింతలకన్నా పెద్దది. జనమేమో 2021 లెక్కల్లో మొత్తం 5.1 లక్షలుంటే, అందులో లాబ్రడార్‌లో ఉన్నది సుమారు 27 వేలే. అంత పెద్ద నేల పేరులో లేకుండా పోవడం లాబ్రడార్‌వాళ్లకు ఎప్పుడూ ముల్లులా గుచ్చుకునేది. ఇప్పటికీ లాబ్రడార్‌లోని గూస్ బేలో ఉన్న మనిషిని “న్యూఫౌండ్‌లాండ్‌లో ఉంటారటగా” అంటే వెంటనే సరిదిద్దుతారు.

ఆన్‌లైన్ జాబితాల్లో ఇది ‘న్యూ బ్రన్స్‌విక్’ కిందా, ‘నార్త్‌వెస్ట్ టెరిటరీస్’ పైనా ఉంటుంది. రెండక్షరాల సంకేతం ‘ఎన్ఎల్’. పాత సర్టిఫికెట్ల మీద ‘ఎన్ఎఫ్’ కనబడితే కంగారు పడకండి. పేరు మారాక 2002లో తపాలా సంకేతం కూడా మార్చారు, మీరు మాత్రం ‘ఎన్ఎల్’ అనే రాయండి. ఇంకో చిక్కుంది: దేశాల సంకేతాల్లో ‘ఎన్ఎల్’ అంటే నెదర్లాండ్స్. కాబట్టి పార్సిల్ మీద ఎన్ఎల్ రాసి ఊరుకోవద్దు. చివరి వరసలో ‘కెనడా’ అని విడిగా, పెద్ద అక్షరాల్లో ఉండాల్సిందే.

మనుషుల్ని ప్రస్తావించేటప్పుడు దీవివాళ్లు న్యూఫౌండ్‌లాండర్లు, అవతలివాళ్లు లాబ్రడోరియన్లు. ఇద్దరినీ కలిపి చెప్పే ఒక్క మాట వాడుకలో లేదు. ప్రభుత్వ ప్రకటనల్లో కూడా రెండు పేర్లూ పక్కపక్కనే వస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయికి టికెట్ చూస్తుంటే సైటులో సెయింట్ జాన్, సెయింట్ జాన్స్ అని రెండు వచ్చాయి. రెండూ ఒకటేనా? (విశ్రాంత ఉద్యోగి)

జవాబు: ఒకటి కాదు, దయచేసి డబ్బు కట్టేముందు ఆగండి. రెండూ కెనడాలోనే ఉన్నాయి, రెండూ తూర్పునే ఉన్నాయి, పైగా రెంటి మధ్యా సముద్రం.

న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్ రాజధాని సెయింట్ జాన్స్. ఇందులో ‘సెయింట్’ను ఎప్పుడూ కుదించి ‘ఎస్‌టీ’ అని రాస్తారు, చివర ‘ఎస్’ ఉంటుంది, దాని ముందు అపాస్ట్రఫీ ఉంటుంది. న్యూ బ్రన్స్‌విక్‌లో ఉన్నది సెయింట్ జాన్. అందులో ‘సెయింట్’ను పూర్తిగా రాస్తారు, ఎప్పుడూ కుదించరు, చివర ‘ఎస్’ ఉండదు. ఈ తేడాను అక్కడివాళ్లు పట్టుదలగా పాటించేది ఈ గందరగోళం తప్పించడానికే.

విచిత్రమేమిటంటే రెంటికీ పేరొచ్చింది ఒకే పండగ నుంచి. జూన్ 24 బాప్తిస్మమిచ్చు యోహాను (ఇంగ్లీషులో సెయింట్ జాన్) పండగ రోజు. కాబట్ ఆ రోజే రేవు చేరాడన్న నమ్మకం మీద ఒకదానికి, 1604లో అదే రోజున ఫ్రెంచి నావికులు నది ముఖం చేరినందుకు ఇంకోదానికి ఆ పేరు వచ్చింది.

టికెట్ మీద ఊరి పేరు కాదు, విమానాశ్రయ సంకేతం చూడండి. సెయింట్ జాన్స్‌ది ‘వైవైటీ’. న్యూ బ్రన్స్‌విక్ సెయింట్ జాన్‌ది ‘వైఎస్‌జే’. కొన్ని సైట్లలో మూడోది కూడా తగులుతుంది: కరీబియన్‌లోని ఆంటిగ్వా అండ్ బార్బుడా దేశ రాజధాని పేరు కూడా సెయింట్ జాన్స్. దాని సంకేతం ‘ఏఎన్‌యూ’. చలికోటు కొనుక్కుని అక్కడ దిగితే నవ్వాలో ఏడవాలో తెలియదు.

చిరునామాలో తేడా పోస్టల్ కోడ్ పట్టిస్తుంది. ఆరు స్థానాల కోడ్‌లో మొదటి అక్షరం ‘ఏ’ అయితే న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్, ‘ఈ’ అయితే న్యూ బ్రన్స్‌విక్. అక్షరం, అంకె, అక్షరం, ఖాళీ, అంకె, అక్షరం, అంకె, ఇదీ వరస. డి, ఎఫ్, ఐ, ఓ, క్యూ, యూ అక్షరాలు కెనడా కోడ్‌లలో ఎక్కడా రావు. కాబట్టి గుండ్రంగా ఏం కనబడినా అది సున్నాయే, ఓ కాదు. మనవాళ్ల ఫారాలు వెనక్కి రావడానికి ఈ ఓ, సున్నాల తారుమారు కూడా ఒక కారణమే.

కొన్ని ఫారాలు అపాస్ట్రఫీని ఒప్పుకోక ఎర్ర గీత చూపిస్తాయి. అప్పుడు అపాస్ట్రఫీనీ, చుక్కనూ తీసేయొచ్చు. ‘ఎస్’ను మాత్రం తీయకండి.

ప్రశ్న: లాబ్రడార్ కుక్క లాబ్రడార్‌దేనా? (హైస్కూలు విద్యార్థి)

జవాబు: పేరు లాబ్రడార్‌ది, పుట్టుక న్యూఫౌండ్‌లాండ్‌ది. దీవి మీది జాలర్లు వలలు లాగడానికీ, జారిపోయిన చేపల్ని పట్టి తేవడానికీ పెంచుకున్న ‘సెయింట్ జాన్స్ వాటర్ డాగ్’ అనే నల్లటి కుక్కల్ని 19వ శతాబ్దంలో ఇంగ్లండు తీసుకెళ్లారు. అక్కడ వాటి సంతతి నుంచి తయారైన జాతి ఇది. ఆ ప్రాంతమంతటినీ కలిపి లాబ్రడార్ అనే అలవాటు వల్ల ఆ పేరు పడింది. ఇంగ్లండులోని కెన్నెల్ క్లబ్ 1903లో గుర్తించింది. మూల జాతి ఇప్పుడు లేదు. న్యూఫౌండ్‌లాండ్ పేరుతో ఉన్న కుక్క వేరు, ఎలుగుబంటిలా దట్టమైన బొచ్చుతో ఉంటుంది.

ఇక ‘లాబ్రడార్’ మాటకొస్తే, పోర్చుగీసులో ‘లవ్రదోర్’ అంటే సొంత పొలమున్న రైతు. 1500 ప్రాంతంలో ఉత్తర అట్లాంటిక్ తిరిగిన జువావ్ ఫెర్నాండెస్‌కు ఆ బిరుదుండేది. పటాలు గీసినవాళ్లు ఆయన పేరు మొదట గ్రీన్‌లాండ్ మీద వేశారు, తర్వాత అది జరిగి జరిగి ఇప్పుడున్న చోటుకు చేరింది.

ప్రశ్న: అక్కడివాళ్లను ‘న్యూఫీ’ అనొచ్చా? టొరంటోలో మా రూమ్మేట్ అలాగే అంటాడు. (ఉద్యోగి)

జవాబు: మీరు అనకండి. కెనడాలో మిగతాచోట్ల ‘న్యూఫీ జోకులు’ అని ఒక రకం ఉన్నాయి. అన్నిటిలోనూ ఆ దీవివాడు తెలివితక్కువవాడే. ఆ మాటలో ఆ వాసన ఇంకా పోలేదు. దీవివాళ్లలో కొందరు దాన్ని తమలో తాము ఇష్టంగానే వాడుకుంటారు, చాలామందికి చిర్రెత్తుతుంది. ఎదుటివాళ్లు ఏ రకమో మొహం మీద రాసి ఉండదు కాబట్టి బయటివాళ్లు ‘న్యూఫౌండ్‌లాండర్’ అనడమే సురక్షితం. పైన చెప్పిన కుక్కను ‘న్యూఫీ’ అంటే మాత్రం ఎవరికీ పట్టింపు లేదు.

దీవికి ముద్దుపేరు ‘ద రాక్’. అది నిరభ్యంతరంగా వాడొచ్చు. మిమ్మల్ని వాళ్లు ‘కమ్ ఫ్రమ్ అవే’ అంటే నొచ్చుకోకండి, బయటి నుంచి వచ్చినవాళ్లందరికీ అదే మాట, టొరంటో నుంచి వచ్చినా సరే. సెయింట్ జాన్స్ పట్నవాసి ‘టౌనీ’, తీరపు పల్లెలవాడు ‘బేమన్’. ఆ పల్లెలకు ‘అవుట్‌పోర్ట్’ అని పేరు. ‘ఫిష్’ అని ఊరికే అంటే చాలాసార్లు కాడ్ చేప అనే అర్థం, మిగతా చేపలకు వాటి పేర్లు చెబుతారు. అక్కడి మెమోరియల్ యూనివర్సిటీని పొడి అక్షరాలుగా (ఎం, యూ, ఎన్) కాక ‘మన్’ అని ఒక్క మాటగా పలుకుతారు. “మన్‌లో చదువుతున్నాను” అంటే చాలు.

ప్రశ్న: నాకు ఫ్రెంచి కొద్దిగా వచ్చు. ఆ దీవి పటంలో ఫ్రెంచి పేర్లు చాలా కనబడ్డాయి. వాటిని ఫ్రెంచిలోనే పలకాలా? (భాషాభిమాని)

జవాబు: మీ ఫ్రెంచిని క్యూబెక్ కోసం దాచుకోండి. ఈ దీవి మీద దాన్ని వాడితే దారి అడిగినా ఎవరికీ అర్థం కాకపోవచ్చు.

దక్షిణ తీరంలో ‘బే దెస్పువార్’ అని రాసిన చోటుంది. ఫ్రెంచిలో దాని అర్థం ఆశల అఖాతం. అక్కడివాళ్లు పలికేది ‘బే డిస్పేర్’. ఇంగ్లీషులో డిస్పేర్ అంటే నిరాశ! రాతలో ఆశ, మాటలో నిరాశ. దీన్ని ఎవరో పనిగట్టుకుని చేయలేదు, ఇంగ్లీషు చెవి ఆ ఫ్రెంచి శబ్దాన్ని తనకు తెలిసిన మాటగా వినింది, అంతే. సెయింట్ జాన్స్ పక్కనే ఉన్న కేప్ స్పియర్‌దీ ఇదే కథ. పోర్చుగీసువాళ్లు పెట్టిన పేరు ‘కాబు ద ఎస్పెరాన్స’, ఆశల అగ్రం. ఫ్రెంచివాళ్లు ‘కాప్ దెస్పువార్’ చేశారు, ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘స్పియర్’ అని విన్నారు. ఈటెకూ ఆ కొండకొమ్ముకూ సంబంధం లేదు. కెనడా నేలకు అన్నిటికన్నా తూర్పు కొస ఇదే కాబట్టి వెళ్లినవాళ్లు ఎటూ చూస్తారు, పేరు కథ తెలిసి చూస్తే ఇంకా బాగుంటుంది.

పైన చెప్పిన నార్స్ స్థలాన్ని ‘లాన్స్ ఎ మెడోస్’కు దగ్గరగా పలుకుతారు. ‘లాన్స్’ ఫ్రెంచే, చిన్న అఖాతం అని అర్థం. ‘మెడోస్’ మాత్రం పచ్చికబయళ్లు కాదు, ఏదో ఫ్రెంచి మాట ఇంగ్లీషులో అలా మారింది. జెల్లీ చేపల్ని సూచించే ‘మెదూజ్’ అని కొందరు, ‘మెదే’ అనే ఓడ పేరని కొందరు చెబుతారు. నోవా స్కోషియా నుంచి ఫెర్రీ వచ్చి ఆగే రేవు ‘పోర్ట్ ఓ బాస్క్’. అందులో రాతలోని ‘ఎక్స్’నూ, చివరి ‘ఎస్’నూ పలకరు. సెయింట్ జాన్స్‌లోనే ఉన్న క్విడీ విడీని చాలామంది ‘కిడీ విడీ’ అంటారు, రెండూ చెల్లుతాయి. ట్విలింగేట్‌లో గేటు ఏమీ లేదు, ‘తులాంగే’ అన్న ఫ్రెంచి పేరు అలా తిరిగింది. ప్లసెన్షియా ఒకప్పటి ఫ్రెంచి ‘ప్లెజాన్స్’.

తెలియని పేరు ఎదురైతే ముందు ఇంగ్లీషు అక్షరాల్ని ఇంగ్లీషులాగే చదివి చూడండి. చాలాసార్లు అదే దగ్గరగా ఉంటుంది.

ప్రశ్న: పోటీ పరీక్షల పుస్తకాల్లో ‘న్యూఫౌండ్‌లాండ్ గ్రాండ్ బ్యాంక్స్’ అని ఉంటుంది. బ్యాంక్ అంటే తీరమా? (పోటీ పరీక్షల అభ్యర్థి)

జవాబు: తీరం కాదు. సముద్రంలో మునిగి ఉన్న విశాలమైన మెట్ట, చుట్టుపక్కల నీటికన్నా అక్కడ లోతు తక్కువ. దీవికి ఆగ్నేయంగా ఉంటుంది. లాబ్రడార్ శీతల ప్రవాహం, గల్ఫ్ స్ట్రీమ్ ఉష్ణ ప్రవాహం ఆ పరిసరాల్లో కలుస్తాయి. పొగమంచు అందుకే, చేపల సమృద్ధికీ అదో కారణం. పుస్తకాలు తరచూ వదిలేసే ముక్క: కాడ్ నిల్వలు అడుగంటడంతో 1992 జులైలో కెనడా ప్రభుత్వం ఉత్తర కాడ్ వేటను ఆపేసింది, 2024లో గానీ పరిమితంగా మళ్లీ అనుమతించలేదు. కనుక ‘ప్రపంచంలో అతి గొప్ప మత్స్య క్షేత్రం’ అనే వాక్యాన్ని వర్తమాన కాలంలో రాయకండి.

ప్రశ్న: అక్కడి టైము అరగంట తేడాగా ఉంటుందట, నిజమేనా? అమ్మాయికి ఎప్పుడు ఫోన్ చేయాలో అర్థం కావడం లేదు. (ఒక తండ్రి)

జవాబు: నిజమే. కెనడాలో అరగంట లెక్క ఉన్నది ఆ ఒక్కచోటే. జాతీయ రేడియో కార్యక్రమాల వేళలు చెప్పేటప్పుడు ‘న్యూఫౌండ్‌లాండ్‌లో అరగంట తర్వాత’ అని చేర్చడం ఎంత అలవాటైపోయిందంటే, కెనడావాళ్లు ఆ ముక్కను సరదాకీ వాడుకుంటారు. సెయింట్ జాన్స్ పశ్చిమ రేఖాంశం సుమారు 52.7 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అది గ్రీన్‌విచ్‌కు మూడున్నర గంటలు వెనక. మనకు 82.5 డిగ్రీల మీద ఐదున్నర గంటలు వచ్చినట్టే.

రెండు అరగంటలూ కలిసి మీ పని సులువు చేశాయి, తేడా పూర్తి గంటల్లోనే వస్తుంది. చలికాలంలో మనం 9 గంటలు ముందు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి 8 గంటలే. అమ్మాయికి ఉదయం 9 అయినప్పుడు మీకు జనవరిలో సాయంత్రం 6, జులైలో 5. అదే అమ్మాయి లాబ్రడార్‌లోని గూస్ బేకి వెళితే అక్కడ అట్లాంటిక్ టైము, ఈ లెక్కకు ఇంకో అరగంట కలపండి. లాబ్రడార్ ఆగ్నేయ తీరపు పల్లెలు మాత్రం దీవి టైమునే పాటిస్తాయి. టొరంటోలో ఉన్న బంధువులతో కలిపి ముగ్గురూ మాట్లాడుకోవాలంటే, టొరంటో గడియారం సెయింట్ జాన్స్‌కన్నా గంటన్నర వెనక నడుస్తుంది.